హిట్ పాట మీద వ్యాసం రాసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ గాయనుల బృందం సుప్రీమ్స్ పాడిన ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ మీద నీవు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది, ఉత్సాహానికీ లోటు లేదు. అయితే చదివినంతసేపూ ఆ పాటకు వచ్చిన పేరే తప్ప పాట వినిపించలేదు. డెట్రాయిట్‌లోని బ్రూస్టర్ కాలనీలో పెరిగిన అమ్మాయిలు కలలు కన్నారనీ, ఒక్క పాటతో ఆ కలలు పండాయనీ రాశావు. 1964 ఆగస్టు 22న ఆ పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరిందని నీకు ముందే తెలుసు కాబట్టి, అంతకు ముందు జరిగిన ప్రతి విషయాన్నీ ఆ తేదీ వైపుకే తోలేశావు. ఆ ఏప్రిల్‌లో పాట రికార్డు చేయడానికి మైకు ముందు నిలబడ్డ బృందంలోని డయానా రాస్‌కు గానీ, మేరీ విల్సన్‌కు గానీ, ఫ్లోరెన్స్ బలార్డ్‌కు గానీ ఆగస్టులో ఏం జరగబోతోందో తెలియదు. వారికి తెలిసినంత మేరకే నీకూ తెలిసినట్టు రాయడానికి ప్రయత్నించు.

అప్పటికి వారి పరిస్థితి ఏమిటో చూడు. 1961లో డెట్రాయిట్‌లోని రికార్డుల సంస్థ మోటౌన్‌లో చేరినప్పటి నుంచి రికార్డులు వస్తూనే ఉన్నాయి, అమ్ముడుపోవడం మాత్రం లేదు. ఒకే ఒక్క పాట 23వ స్థానం దాకా పాకింది. సంస్థలోని వారే వెనకాల ‘నో హిట్ సుప్రీమ్స్’ అని ఎగతాళి చేసేవారు. అటువంటి సమయంలో మోటౌన్ పాటల రచయితలైన హాలండ్ సోదరులు, లామాంట్ డోజియర్ కలిసి కట్టిన ఈ పాట వారి చేతికి వచ్చింది. డోజియర్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, అప్పటికే మోటౌన్‌లోని మరో గాయనుల బృందం మార్వెలెట్స్ దాన్ని వద్దనేసింది. మార్వెలెట్స్‌కు ఆ చొరవ ఎక్కడిదంటే, ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’ పాటతో మోటౌన్‌కు హాట్ 100లో మొట్టమొదటి అగ్రస్థానం తెచ్చిపెట్టినవారు వాళ్ళే. సుప్రీమ్స్‌కు కాదనే స్థోమత లేదు. పాట తమకూ నచ్చలేదని మేరీ విల్సన్ ఆ తర్వాత దాచుకోకుండా చెప్పింది. నీవేమో ‘మనసుపెట్టి, మురిసిపోతూ పాడారు’ అని రాశావు. హిట్టయిన పాటను పాడినవారు ఇష్టపడే పాడి ఉంటారని మనం అనుకుంటాం, అంతకు మించి ఆ వాక్యానికి ఆధారం లేదు. కొట్టెయ్యి.

ఇక పాట దగ్గరకు రా. హెడ్‌ఫోన్లు పెట్టుకొని మొదటి కొన్ని క్షణాలే మళ్ళీ మళ్ళీ విను. ముందు డ్రమ్ములు కాదు, చెక్క పలకల మీద బూటు కాళ్ళతో తొక్కుతున్న చప్పుడు వినిపిస్తుంది. తొక్కినవాడు మైక్ వల్వానో. ఆ అడుగులు పాట చివరి దాకా ఆగవు. వాటి మీద ‘బేబీ, బేబీ’ అన్న వంత వస్తుంది. డోజియర్ అనుకున్న వంత అంతకన్నా చాలా చిక్కుగా ఉండేదట. నేర్చుకునే ఉత్సాహం ఎవరికీ లేకపోవడంతో తేలిక చేసేశారు. మార్వెలెట్స్ గాయని గొంతుకు తగ్గట్టు కింది శ్రుతిలో ముందే వాద్యాలు రికార్డు చేసి ఉండటంతో, డయానా తనకు అలవాటైన ఎత్తును విడిచి కింద పాడవలసి వచ్చింది. వెళ్ళిపోతున్నవాణ్ణి బతిమాలే పాట అది. ఆమె గొంతులో ఏడుపు లేదు, దాదాపు ముభావంగా పాడుతుంది. ఆ పాటలో మనల్ని పట్టి ఉంచేది ఆ ముభావమేనని నా అభిప్రాయం. మన సినిమా పాటలకు అలవాటుపడ్డ చెవి పల్లవినీ చరణాన్నీ వేరుచేసి చూసుకుంటుంది. ఇక్కడ ఆ వెతుకులాట ఫలించదు, ఎందుకంటే ఒకే వరస గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది, మధ్యలో బారిటోన్ శాక్సఫోన్ కాసేపు పలికి తప్పుకుంటుంది. నీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్కా లేదు.

రికార్డు చేసిన చోటును కూడా ‘భారీ స్టూడియో’ అన్నావు. వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో 2648 నంబరు ఇంటిని, అంతకు ముందు ఫోటో స్టూడియోగా ఉన్నదాన్ని, మోటౌన్ స్థాపకుడు బెర్రీ గోర్డీ 1959లో కొన్నాడు. పైకప్పు నుంచి వైర్లు వేలాడే ఆ ఇరుకు గదిని వాద్యకారులు ‘స్నేక్‌పిట్’ (పాముల గొయ్యి) అనేవారు. ఆ వాద్యకారుల బృందం పేరు ఫంక్ బ్రదర్స్. ఆ రోజుల్లో మోటౌన్ రికార్డుల మీద వారి పేర్లు వేసేవారు కాదు. అందుకు 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ దాకా ఆగవలసి వచ్చింది. గాయకుల పేరు, కవి పేరు, సంగీత దర్శకుడి పేరు కనబడితే చాలనుకుని, వయొలిన్లు వాయించినవారిని ఏనాడూ అడగని మనకు ఇది వింతగా తోచదు. తోచాలి.

టీవీ వ్యాఖ్యాత డిక్ క్లార్క్ గాయకులను ఊరూరా తిప్పిన బస్సు యాత్ర గురించి నీవు రాసిన పేరా అలాగే ఉంచు. గాయకుల జాబితా అడుగున పేరుతో బయలుదేరిన సుప్రీమ్స్, రేడియోలో పాట పైకెక్కుతున్న కొద్దీ తామూ పైకి జరగడం నీవు ఆర్భాటం లేకుండా చెప్పావు. తర్వాత వరసగా మరో నాలుగు పాటలు మొదటి స్థానానికి వెళ్ళాయన్నది ఒక్క వాక్యంలో తేల్చవచ్చు.

ఫ్లోరెన్స్ సంగతి మాత్రం జాగ్రత్త. ఆమె 1967లో బృందం నుంచి వెళ్ళిపోవలసి రావడం, 1976లో 32 ఏళ్ళకే చనిపోవడం నిజమే. కానీ ‘బేబీ, బేబీ’ అంటున్న ఆమె గొంతులో రాబోయే విషాదం అప్పుడే వినబడుతోందని రాశావు. 1964లో ఆమెకు ఇరవై ఏళ్ళు. నచ్చని పాటకు వంత పాడుతోంది, అంతే. ఆ కథ చెప్పదలిస్తే వేరే వ్యాసం రాయి, దానికి తగినంత చోటివ్వు.

ముందు చెక్క పలకల చప్పుడు గురించిన పేరా ఒక్కటే రాసి పంపు. మిగిలినది దాన్ని చూశాక మాట్లాడుకుందాం.

శుభాకాంక్షలతో.