సమాధానం: జాన్ ఆడమ్స్ పుస్తకాలు క్విన్సీలో కనిపించలేదంటే...

నమస్కారమండీ. అమెరికాలో బోస్టన్ దగ్గరి క్విన్సీ ఊళ్లో, ఆడమ్స్ కుటుంబపు పాత ఇంటి పక్కనున్న రాతి గ్రంథాలయంలో, రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సొంత పుస్తకాల కోసం వెతికితే దొరకలేదని రాశారు. దొరకవు. ఆ కట్టడం 1870 నాటిది. ఆయన కొడుకు, ఆరో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తన పుస్తకాలకు నిప్పంటని కట్టడం కావాలని వీలునామాలో కోరితే, జాన్ క్విన్సీ కొడుకు కట్టించాడు.

పెద్దాయన జాన్ ఆడమ్స్ తన పుస్తకాలను 1822లోనే ఊరికి రాసిచ్చేశారు. అవి చేతులు మారుతూ 1894లో బోస్టన్ పబ్లిక్ లైబ్రరీకి చేరాయి. బోస్టన్‌లో కోప్లీ స్క్వేర్‌లో ఉన్న ఆ లైబ్రరీ అరుదైన గ్రంథాల విభాగాన్ని ముందుగా సంప్రదించి వెళ్లండి. అంత దూరం ఎందుకనుకుంటే, స్కాన్ చేసిన ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. ఫ్రెంచి విప్లవంపై ఆంగ్ల రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన పుస్తకం తప్పక తెరవండి. పేజీల అంచుల నిండా ఆయన రాతలో ఆమెతో వాదనే! నాకైతే అసలు పుస్తకం కంటే ఆ గొడవే రుచి.

పుస్తకాలతో పాటు ఆయన ఊరికి భూములూ ఇచ్చారు. వాటి రాబడితో ముందు రాతి చర్చి, తర్వాత బడి కట్టాలని షరతు. బడి ఎక్కడ? అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన జాన్ హాన్‌కాక్ తండ్రి పాత ఇంటి నేలమాళిగ మీదే! 1872లో తెరిచిన ఆ ఆడమ్స్ అకాడమీ భవనంలో ఇప్పుడు క్విన్సీ చరిత్ర సంఘం ఉంది. చర్చి 1828లో పూర్తయింది. తండ్రీకొడుకులు, వారి భార్యలు దాని అడుగునే సమాధుల్లో ఉన్నారు. బోస్టన్ మెట్రో రెడ్ లైన్ రైల్లో క్విన్సీ సెంటర్‌లో దిగితే రెండూ నడిచి చూడవచ్చు.