చెవిమిషన్ పెడితే ఉన్న వినికిడీ పోతుందా?

ప్రశ్న: నా వయసు 62. గాజువాకలో ఉంటాం. మిల్లు మోతలో 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎవరైనా మాట్లాడితే వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు. రాత్రిళ్లు చెవుల్లో కీచురాళ్ల మోత. మిషన్ పెట్టుకుంటే ఉన్న వినికిడీ పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా? మా అబ్బాయి కూడా ఫ్యాబ్రికేషన్ పనిలోనే ఉన్నాడు.

జవాబు: పోదండి. ఈ భయంతోనే ఏళ్లకేళ్లు ఆగి, మాటలు పోల్చుకునే అలవాటు మెదడుకు తప్పాక వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. మోతకు ముందుగా దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ దగ్గరి సన్నని ధ్వనులను పట్టేవే. పోయినవి మళ్లీ రావు. మన మాటలో అచ్చులు బలంగా, క, త, ప, స లాంటి హల్లులు సన్నగా పలుకుతాయి. అందుకే మీ ఆవిడ ‘పాలు’ అన్నా ‘కాలు’ అన్నా మీకు ‘ఆలు’ అన్నట్టే ఉంటుంది. ఆవిడ అరిస్తే ‘ఆ’ పెద్దదవుతుంది, ‘ప’ మాత్రం అందదు. అరవొద్దని, ఎదురుగా కూర్చుని, టీవీ ఆపి, కాస్త నిదానంగా చెప్పమని ఇంట్లోవాళ్లతో అనండి.

ముందు చెవుల్లో గులిమి, కర్ణభేరి చూపించుకుని ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. షుగర్, బీపీ, వాడుతున్న మందుల సంగతి కూడా చెప్పండి. కీచురాళ్ల మోత, చెవుడు ఒక్క చెవిలోనే ఉంటే ఎంఆర్ఐ అవసరం కావచ్చు. ఒక్కసారిగా వినికిడి పడిపోతే మాత్రం మర్నాటికి వాయిదా వేయొద్దు. దానికి చికిత్స తొలి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది.

పరీక్షలో తేలిన లోపాన్ని బట్టి మిషన్‌ను సెట్ చేయించుకోవాలి. దుకాణంలో దొరికే, అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే పరికరం కొనకండి. మొదటి వారం గిన్నెల చప్పుడు, సొంత గొంతు కూడా చిరాకు పెడతాయి. చాలామంది అక్కడే తీసి బీరువాలో పెట్టేస్తారు. ఇంట్లో రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. పూర్ణా మార్కెట్ రద్దీ తర్వాత సంగతి. వినికిడి మెరుగైతే చాలామందికి ఆ కీచురాళ్ల మోత బాధా తగ్గుతుంది. మన విశాఖ ఉక్కకు, చెమటకు మిషన్ త్వరగా పాడవుతుంది. రాత్రి తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో ఉంచండి.

మీ అబ్బాయి విషయం నాకు ఇంకా ముఖ్యం. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు దాటకూడదంటారు. మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 91 దగ్గర రెండే గంటలు. చెవిలో పెట్టుకునే దూది ఆ మోతను ఆపదు. ఫోమ్ ప్లగ్‌ను వేళ్లతో పుల్లలా సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. ఏడాదికోసారి ఆడియోమెట్రీ తప్పనిసరి.

మిషన్ సెట్ చేయించుకునే రోజు మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. ‘పాలు’, ‘కాలు’ ఆవిడ చేతే పలికించి, తేడా తెలిశాకే ఇంటికి బయల్దేరండి.