అత్తగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పొచ్చా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు బరువు తగ్గే ఆపరేషన్ గురించే, మూడూ వైజాగ్ చుట్టుపక్కల నుంచే. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఆరేళ్ళ కిందట స్లీవ్ (పొట్ట సంచిలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్) చేయించుకుని 118 కేజీల నుంచి 82కి దిగి, మళ్ళీ ఓ నాలుగు కేజీలు ఎక్కి, ఇప్పుడు 86 దగ్గర కాపురం చేస్తున్నదాన్ని. మందులు, మోతాదులు మీ డాక్టర్‌నే అడగండి, ఇంటి సంగతులు నన్నడగండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 112. షుగర్‌కి మాత్రలు వాడుతున్నా. మావారిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. వచ్చే నెల స్లీవ్ సర్జరీకి డేట్ ఇచ్చారు. రెండు వారాల ముందు నుంచి అన్నం మానేసి ప్రోటీన్ పౌడరు, మజ్జిగ, సూప్ మీద ఉండమన్నారు, అంత అవసరమా అక్కా? అత్తగారికి తెలిస్తే "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా" అంటారు, అందుకని గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు అని చెప్పేద్దామనుకుంటున్నాం. ఇంక జన్మలో బిర్యానీ తినలేనా? జుట్టు కూడా ఊడిపోద్దంట కదా? — గాజువాక నుంచి ఒక చెల్లి

జవాబు: చెల్లి అని నువ్వే రాసుకున్నావు కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు.

ముందు ఆ రెండు వారాల సంగతి. మన బరువులో ఉన్నవాళ్ళకి చాలామందికి లివర్‌కి కొవ్వు పట్టి ఉబ్బి ఉంటది, దాని ఎడమ భాగం సరిగ్గా పొట్ట సంచి మీద మూత వేసినట్టు ఉంటది. సర్జన్ చిన్న చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి ఆ లివర్‌ని పైకెత్తి పట్టుకుని దాని కింద పని చేసుకోవాలి. నువ్వు అన్నం, రొట్టె, తీపి ఆపేస్తే లివర్ దాచుకున్న చక్కెర, దాంతో పాటు నీరు, కొంత కొవ్వు కరిగి అది చిన్నదై మెత్తబడతది, డాక్టర్‌కి లోపల చోటు దొరుకుతది. అంతే దాని లెక్క, నీ పట్టుదలకి పరీక్ష పెట్టడం కాదు. నేనైతే తొమ్మిదో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా ఆవకాయ అన్నం నాలుగు ముద్దలు తినేశా, పొద్దున్నే ఏడుపు మొహంతో డైటీషియన్‌కి ఫోన్ చేస్తే ఆవిడ "సర్లెండి, ఈ పూట నుంచి మళ్ళీ మొదలెట్టండి" అంది. జారితే అలాగే చెయ్యి, దాచకు. కానీ నీకు షుగర్ మాత్రలున్నాయి కదా, అన్నం మానేసి పాత డోసే వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, కాబట్టి డైట్ మొదలెట్టే ముందే డోసు సంగతి అడిగి కాగితం మీద రాయించుకో.

ఈలోపు టెస్టులు ఎలాగూ చేస్తారు, ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్, గుండెకి ఎకో, థైరాయిడ్, బీ12, డీ విటమిన్ అన్నీ. గురక సంగతి అడిగినప్పుడు మాత్రం నువ్వు జవాబు చెప్పకు, మీ ఆయన్ని చెప్పమను, మన గురక మనకి తెలీదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంటే మత్తు ఇచ్చే డాక్టర్‌కి ముందే తెలియాలి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తీసి చదవండి. మామూలుగా బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క) 40 గానీ, 35 ఉండి అదుపులో లేని షుగర్ లాంటి పెద్ద జబ్బు గానీ ఉంటే ఈ సర్జరీకి డబ్బులిస్తారు, నీది లెక్కేస్తే 45 దాటుతోంది. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఇలాంటి వాటికి డబ్బులివ్వని మొదటి గడువు) అయిందో లేదో చూసుకుని, అప్రూవల్ వచ్చాకే అడ్మిట్ అవ్వు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, గాల్‌బ్లాడర్. ఒక తమాషా చెప్పనా, బరువు గబగబా తగ్గేవాళ్ళకి మొదటి ఆరు నెలల్లో గాల్‌బ్లాడర్‌లో నిజంగానే రాళ్ళు వచ్చే అవకాశం ఉంది, అందుకే చాలామందికి ముందుజాగ్రత్తగా మాత్రలిస్తారు. రేప్పొద్దున్న నీకు నిజంగా ఆ ఆపరేషన్ పడితే అత్తగారికి ఏటని చెప్తావమ్మా, నాకు రెండోది కూడా ఉందండీ అనా?

నవ్వులాటకి అన్నా గానీ, ఒకే వంటింట్లో ఇద్దరాడవాళ్ళు ఉన్నచోట ఈ రహస్యం వారం కూడా దాగదు. ఆపరేషన్‌లో పొట్ట సంచిలో ఇంచుమించు 80 శాతం కోసి బయటికి తీసేస్తారు, మళ్ళీ పెట్టేది ఉండదు, మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం, మొదట్లో టీ బడ్డీ గ్లాసుడు పట్టడమే ఎక్కువ. మొదటి రెండు వారాలు నీళ్ళు, పల్చటి మజ్జిగ, వడకట్టిన సూపు, ప్రోటీన్ నీళ్ళు, తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తటివి, మామూలు తిండికొచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు (నీ హాస్పిటల్ వాళ్ళ చార్ట్ ఒకటి ఇస్తారు, అదే నీకు శాస్త్రం). గాల్‌బ్లాడర్ తీయించుకున్న కోడలు వారానికి పప్పన్నం తింటది, నువ్వేమో నెల్లాళ్ళైనా గ్లాసు పట్టుకుని కూర్చుంటావు. ఆవిడ పాపం జాలిపడి, మీ ఆయన బీ షిఫ్ట్‌కి పోయాక, "నీరసంగా ఉన్నావు" అని పళ్ళెంలో అన్నం కలిపి ముందు పెడతది. వద్దంటే బాధ, తింటే ప్రమాదం. లోపల కుట్లు పూర్తిగా మానని రోజులవి.

మా అమ్మకి నేను ముందే చెప్పా. మొదటి రోజు ఒకటే ఏడుపు. నేను ఇంటికొచ్చిన రోజు బీరువాలోంచి ఒక పాత స్టీలు ఉగ్గు గిన్నె తీసింది, నా చిన్నప్పటిది, అంచు ఒకచోట సొట్ట. హాస్పిటల్ వాళ్ళిచ్చిన 30 ఎమ్మెల్ మందు మూతతో కొలిచి అందులో పోస్తే సరిగ్గా ముక్కుదాకా వచ్చింది. పది నిమిషాలకోసారి గడియారం చూసి గిన్నె చేతికిచ్చేది, ఒక్క గుక్క, మళ్ళీ కింద పెట్టెయ్యడం. ముప్పై తొమ్మిదేళ్ళదాన్ని, నవ్వాలో ఏడవాలో తెలీలేదు గానీ రోజుకి లీటరున్నర నీళ్ళు లోపలికి పోయాయంటే ఆ గిన్నె వల్లే, లేకపోతే నీరు చాలక మళ్ళీ సెలైన్ పెట్టించుకునేదాన్ని. మీ అత్తగారు అలాంటి మనిషి కాకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ చెప్పడం మీ ఆయన పని, నీది కాదు, వాళ్ళమ్మ ఆవిడ. డాక్టర్ దగ్గరికి ఒకసారి ఆవిణ్ణీ తీసుకెళ్ళండి, షుగర్ గురించి డాక్టర్ నోటితో వింటే ఆ "నోరు కట్టుకోలేక" అన్న మాట కొంత తగ్గుద్ది. ఊళ్ళో వాళ్ళకి, పక్కింటివాళ్ళకి మాత్రం నీ ఇష్టం, కడుపు ఆపరేషన్ అని ఊరుకో, అబద్ధం కూడా కాదు.

బిర్యానీ తింటావు చెల్లీ, ఏడాది తిరిగేసరికి నాలుగు చెంచాలు, ముందు ముక్క, తర్వాత అన్నం. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ తినమంటారు, గుడ్డుకి ఆరు గ్రాములే వస్తది కాబట్టి ఆ చిన్న చోటులో ముందు దాన్నే నింపుకోవాలి. వైజాగ్‌లో ఉండి చేపకి ఏం కరువు, మెత్తటి తిండి స్టేజీకి రాగానే చందువా ముక్క కారం తగ్గించిన పులుసులోంచి తీసి ముల్లు ఏరి వేళ్ళతో చిదుపుకుని తింటే స్వర్గం. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ అది తాగేసి ప్రోటీన్ అయిపోయిందనుకోకు, మా చుట్టాల్లో ఒకావిడ అలాగే అంబలి మీద బతికి నీరసపడింది. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగు. ముద్ద నమలడం అంటే నిజంగా పాతికసార్లు నమలడమే.

నమలకపోతే ఏమవుతదో చెప్తా. నాకు ఆపరేషన్ అయిన మూడో నెలలో సంక్రాంతి వచ్చింది, పెద్దమ్మ వాళ్ళింట్లో మాటల్లో పడి పులిహోర మూడు చెంచాలు గబగబా మింగేశా. ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు, నోట్లో నురగలా ఉమ్ము ఊరుతోంది, పెరట్లోకి పరిగెత్తి గోడ పట్టుకుని నిలబడ్డా. మా పిన్ని వెనకే వచ్చి వీపు రాస్తూ చెవిలో మెల్లిగా "ఏమే, విశేషమా?" అంది.

జుట్టు ఊడతది, అవును. మూడో నెల నుంచి ఆరో నెల దాకా తలస్నానం చేసినప్పుడల్లా బాత్రూం జాలీ నిండా అదే. కుదుళ్ళు చావవు, తిరిగొస్తది, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా పడుతుంటే తొందరగా వస్తది. విటమిన్ మాత్రలు మాత్రం జీవితాంతం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకు, మధ్యలో రెండు గంటలు ఉంచు, ఐరన్ టీతో అసలే వద్దు. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి కూడా డాక్టర్‌ని అడక్కుండా మింగకు, పొట్టలో పుండు పడుద్ది.

బరువు ఎంత తగ్గుతావని నువ్వు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటది. సగటున ఉన్న బరువులో పావు వంతు, కాస్త ఎక్కువ. అంటే నీకు ఏడాది, ఏడాదిన్నరకి 80 దరిదాపులు. పెళ్ళినాటి 55 కాదు. షుగర్ మాత్రలు తగ్గడమో, కొందరికి పూర్తిగా ఆగడమో జరుగుద్ది, నాకైతే జగదాంబలో బట్టల షాపుకెళ్ళినప్పటి కంటే ఆ షుగర్ రిపోర్ట్ చూసినప్పుడే ఎక్కువ ఆనందమేసింది. మూడో వారంలో ముల్లు ఆగిపోద్ది, కంగారుపడి రోజుకి నాలుగుసార్లు తూకం ఎక్కకు, దాదాపు అందరికీ ఆగుద్ది.

ఇదొక్కటి మీ ఆయనతో, అత్తగారితో చదివించు. ఇంటికొచ్చాక జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, కూర్చున్నా గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, ఆయాసం, పిక్కలో వాపూ నొప్పీ, గుక్కెడు నీళ్ళు కూడా నిలవకపోవడం, వీటిల్లో ఏది వచ్చినా గ్యాస్ అని జీలకర్ర నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టకండి, అర్ధరాత్రైనా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి. లోపల కుట్టు దగ్గర లీక్ అయినా, కాల్లో రక్తం గడ్డకట్టినా ఇలాగే మొదలవుతది.

ప్రశ్న: నాకు 41. గ్యాస్ట్రిక్ బైపాస్ అయ్యి అయిదు నెలలైంది, 131 నుంచి 102కి వచ్చా. మొన్న భీమిలి దగ్గర ఫ్రెండ్స్ పార్టీలో మాడుగుల హల్వా రెండు ముక్కలు తిన్నాను, పావుగంటలో చెమటలు, గుండె దడ, విరేచనాలు. హార్ట్ ఎటాక్ అనుకున్నా. ఒక పెగ్గు కూడా వేశాను, అది ఎప్పుడూ లేనంతగా ఎక్కేసింది. — మధురవాడ

జవాబు: తమ్ముడూ, బైపాస్‌లో తిండి పొట్టలో చాలా భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ దాటేసి నేరుగా కిందికి పోద్ది, అంత తీపి ఒక్కసారి పేగులో పడితే ఒళ్ళు నీళ్ళన్నీ అటు లాగేసి ఇలా చేస్తది. దీన్ని డంపింగ్ అంటారు. ఒక్కోసారి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు కూడా రావచ్చు. డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, ఛాతీనొప్పి ఉంటే మాత్రం హల్వా మీదకి తోసేసి ఊరుకోకు. నెయ్యి కారే ఆ హల్వా నాకూ ప్రాణమే గానీ నీకు ఇప్పుడు వాసనతో సరి. మందు సంగతి, అది నీకు ఇప్పుడు త్వరగా రక్తంలోకి ఎక్కి ఎక్కువసేపు ఉంటది, ఒక్క పెగ్గే కదా అని బీచ్ రోడ్డు మీద బండి నడుపుకుంటూ వచ్చావేమో, నువ్వు రాయలేదు, నేనూ అడగను. తిండి మీద మోజు పోయి ఆ చోటులోకి మందు వచ్చిన వాళ్ళు ఉన్నారు, మొదటి ఏడాది పూర్తిగా దూరం పెట్టు. ఆ పార్టీలో ఎవరికీ ఆపరేషన్ సంగతి చెప్పలేదని నా అనుమానం. చెప్పి ఉంటే రెండో ముక్క చేతిలో పెట్టేవాళ్ళు కాదు.

ప్రశ్న: నాకు 26. ఎనిమిది నెలల కిందట స్లీవ్ అయింది, 35 కేజీలు తగ్గాను. సంబంధాలు చూస్తున్నారు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంటోంది. పిల్లలు పుడతారా? — సీతమ్మధార

జవాబు: పుడతారమ్మా, బరువు తగ్గాక నెలసరి సరిగ్గా వచ్చేవాళ్ళే ఎక్కువ, అందుకే తెలీకుండా గర్భం నిలిచే అవకాశం కూడా పెరుగుద్ది. సర్జరీ అయ్యాక 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, ఒళ్ళు ఇంకా కరుగుతున్న టైమ్‌లో కడుపులో బిడ్డకి పోషణ చాలదు కాబట్టి. ఈ వైశాఖంలో ముహూర్తం పెట్టేస్తే అత్తారింట్లో మొదటి నెల నుంచే "ఇంకా ఏం లేదా" మొదలవుద్ది, అప్పుడు ఎందుకు ఆగుతున్నారో అబ్బాయికి తెలియకపోతే నువ్వొక్కదానివే ఆ మాటలు పడాలి. పెళ్ళిచూపుల్లో అందరి ముందూ చెప్పక్కర్లేదు, సంబంధం కుదిరేలా ఉంటే తాంబూలాలకి ముందు ఆ అబ్బాయికి ఒక్కడికీ చెప్పు. విని వెనక్కి వెళ్ళిపోతే నీకు ఒక పూట ఏడుపు, అంతే. అమ్మకి నా మాటగా చెప్పు. ఇంకోటి, నిర్ణయం అయ్యాక గైనకాలజిస్ట్‌ని, సర్జన్‌ని ఇద్దర్నీ కలిసి ఐరన్, బీ12, ఫోలిక్ యాసిడ్ లెక్కలు సరి చూయించుకో, రిపోర్టులు ఒక ఫైల్‌లో పెట్టి ఆ ఫైలు అత్తారింటికి నీతో పాటే తీసుకెళ్ళు.