మొదటి ఏడాది ఫీజు కోసం ఎఫ్‌డీ తీసేస్తారా?

ప్రశ్న: మాది కాశీబుగ్గ. జీడిపప్పు వ్యాపారం. నెలకు 45 వేలు వస్తే ఇంటి ఖర్చు 30 వేలు. మా అబ్బాయికి విజయనగరంలో కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 1.2 లక్షలు. అక్కడ పాఠాలు చెప్పడం తప్ప పరిశోధన ఏమీ ఉండదని, మంచి ర్యాంకున్న చెన్నై ప్రైవేటు యూనివర్సిటీకే వెళ్తానని వాడి పట్టు. అక్కడ ఏడాదికి 4.7 లక్షలు. 2.6 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతాది రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. రెండో ఏడాదికి చీటీ పాడుకుంటాను. సరేనా?

జవాబు: సరికాదండీ. అడ్మిషన్లు మొదలైతే చాలు, ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. మొదటి ఏడాది ఎలాగో కట్టేద్దాం, తర్వాత చూసుకుందాం అంటారు. నాలుగేళ్లకీ లెక్క వేసి చూడరు.

మీ లెక్క నేనే వేశాను. ఫీజు ఒక్క రూపాయి పెరగదనుకున్నా 18.8 లక్షలు. నాలుగేళ్లలో మీకు మిగిలేది 7.2 లక్షలు. ఎఫ్‌డీ కలిపితే 9.8. ఇంకా 9 లక్షలు ఎక్కడివి? రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మొదటి ఏడాది తెచ్చే 2.1 లక్షలకే నెలకు 4,200 వడ్డీ. చీటీ ముందే పాడి ఎత్తుకుంటే, ఆ తర్వాత నెలనెలా కట్టేదీ ఆ 15 వేలల్లోంచేగా? తెలిసినవాళ్లు కదా అని ధైర్యం పెట్టుకోకండి. వడ్డీ దగ్గర తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని ఉండదు.

ఇక ఎఫ్‌డీ. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. మీకు ఎనిమిది నెలలు ఉండాలి, అంటే 2.4 లక్షలు. చేతిలో ఉన్నది దాదాపు అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా కూలాయో మీరు కళ్లారా చూసినవాళ్లు. తోట పడితే పిక్కలు రావు, పిక్కలు లేకపోతే మీ వ్యాపారం కదలదు. కాలేజీ నుంచి సెమిస్టర్ ఫీజు మెసేజ్ మాత్రం ఠంచనుగా వస్తుంది. ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. అబ్బాయి అలిగినా సరే.

పరిశోధన సంగతి అబ్బాయితో కూర్చుని మాట్లాడండి. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులో పరిశోధనకు 30 శాతం వెయిటేజీ. బోధన వనరులకూ 30 శాతమే. అందులోనూ చూసేది ఎంతమంది అధ్యాపకులున్నారు, ఎంతమందికి పీహెచ్‌డీ ఉంది, ఎంత ఖర్చు పెడుతున్నారు అని. మొదటి సంవత్సరం మ్యాథ్స్ క్లాసులో పాఠం అర్థమవుతోందా అన్నది ఆ లెక్కల్లోకి రాదు. పరిశోధన పేపర్లు ఎక్కువ వేసిన ప్రొఫెసర్ పేరు బ్రోచర్‌లో ఉంటుంది, మీవాడి క్లాసుకు ఆయనే వస్తాడన్న హామీ లేదు. వీలైతే రెండుచోట్లకీ వెళ్లి, మొదటి ఏడాది పాఠాలు ఎవరు చెప్పారో రెండో ఏడాది పిల్లల్ని క్యాంటీన్‌లో అడగండి. ఆఫీసులో అడిగితే బ్రోచరే చేతిలో పెడతారు.

నిజంగా పరిశోధన మీదే మనసుంటే దానికి ఇప్పుడు బీటెక్‌లో డబ్బు పొయ్యక్కర్లేదు. గేట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్. తర్వాత పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000. చదివినందుకు వాళ్లే ఇస్తారు!

విజయనగరం సీటైతే మీకు ఏటా మిగిలే 1.8 లక్షల్లోనే సరిపోతుంది. ఎప్పుడైనా తక్కువపడితే బ్యాంకు విద్యా రుణం తీసుకోండి. 4 లక్షల వరకు మార్జిన్ (మీ వాటాగా పెట్టే డబ్బు), తనఖా అడగరు. కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. మీ పేరిట టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

అబ్బాయిని ఒప్పించడానికి వారం పడుతుందేమో. ఈలోపు కన్వీనర్ సీటుకు కాలేజీలో రిపోర్ట్ చేసే గడువు ఎప్పుడో చూసుకుని, ముందు అక్కడ సంతకం పెట్టించండి.