సూది లేని ఫొటో తీశాక మళ్లీ డై ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. రెండు నెలలుగా ఎడమ కంట్లో నల్లగా నలకలు తేలుతున్నాయంటున్నాడు. రెటీనా (కంటి లోపలి తెర) రక్తనాళాలు వాచాయి, వాస్క్యులైటిస్ అన్నారు. సూది లేకుండా ఓసీటీ యాంజియో తీశారు. ఇప్పుడు చేతికి డై ఎక్కించి ఇంకో యాంజియో చేయాలంటున్నారు. ఒకే పరీక్ష రెండుసార్లా? డై కిడ్నీలకు చేటని పక్కింటావిడ భయపెట్టింది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: పేరులో రెండింటికీ యాంజియో ఉంది గానీ, రెండూ ఒకటి కాదమ్మా. ఆ ముక్క మొదటిరోజే మీకు చెప్పి ఉండాల్సింది.

మీ పొలం పక్కన కాలువ ఉందనుకోండి. నీళ్లు ఎక్కడిదాకా పారుతున్నాయో దూరం నుంచే కనిపిస్తుంది. గట్టులోంచి ఊట దిగుతోందా అన్నది మాత్రం కనిపించదు. ఓసీటీ యాంజియో కదిలే రక్తకణాలను పట్టుకుంటుంది, ఊటను పట్టుకోలేదు. పైగా చాలా మెషీన్లలో రెటీనా అంచులు పూర్తిగా రావు. వాచిన నాళంలో మాకు కావలసిందే ఆ ఊట.

ఫ్లోరసీన్ డై చేతి నరంలోకి వెళ్లిన పది పదిహేను సెకన్లకు కంట్లో వెలుగుతుంది. మొదట నాళాలన్నీ గీత గీసినట్టు ఉంటాయి. ఐదు పది నిమిషాలు గడిచేసరికి వాచిన నాళం అంచు, నాసిరకం కాగితం మీద సిరా పాకినట్టు అలుక్కుపోతుంది. దూరంగా నల్లటి మచ్చలుంటే అక్కడికి రక్తం అందడం లేదని అర్థం. అలాంటి చోట పెళుసైన కొత్త నాళాలు మొలిచి చిట్లుతాయి. మీవాడికి కనిపించే నలకలు ఆ రక్తమే కావచ్చు. లేజర్ కావాలా, ఎక్కడ కావాలా అనేది ఈ ఫొటోలను బట్టే తేలుస్తారు.

మన దేశంలో ఈ వయసు మగపిల్లల్లో, రెటీనా నాళాలు ఇలా వాచే ఈల్స్ జబ్బు ఎక్కువే. 1880లో హెన్రీ ఈల్స్ అనే ఇంగ్లండు డాక్టరు దీన్ని వివరించాడు. టీబీతో సంబంధం ఉందన్న అనుమానం పాతదే, కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (టీబీకి చేసే చర్మ పరీక్ష) రాస్తే కంగారుపడకండి.

పక్కింటావిడ చెప్పింది బహుశా సీటీ స్కాన్ డై గురించి. అది అయోడిన్‌ది, ఇది వేరు. అయినా కిడ్నీ జబ్బున్నా, ఏ మందుకైనా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉన్నా ముందే చెప్పాలి. తీవ్రమైన అలర్జీ అరుదు, కానీ ఎమర్జెన్సీ మందులు పక్కనే ఉన్న చోటే చేయించండి. పీజీలో ఉన్నప్పుడు ఈ డై ఎక్కించుకోవడానికి మా సార్ "ముందెవరు?" అంటే నేనే చెయ్యి చాపాను. అర నిమిషానికి కడుపులో తిప్పింది, అంతలోనే సర్దుకుంది. మర్నాటి దాకా మూత్రం పసుపు నీళ్లలా వచ్చింది! ఒళ్లు కూడా కాసేపు పచ్చబడుతుంది, కామెర్లనుకోకండి.

కంట్లో చుక్కలు వేస్తారు, బండి నడపనివ్వకండి. నాలుగైదు గంటలు వెలుతురు గుచ్చుకుంటుంది, గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ వాడాక మళ్లీ తీసినప్పుడు పక్కపక్కన పెట్టి చూడాలి.