రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత శాతం?

నెల్లూరు

చిరంజీవికి మాస్టారి ఆశీస్సులు.

విడవలూరు మండలంలో హైస్కూలుకు టీచరుగా వెళ్లావని, తొమ్మిది, పది తరగతుల సాంఘిక శాస్త్రం నీకే ఇచ్చారని తెలిసి చాలా సంతోషించానమ్మా. ఆర్థికశాస్త్రం పాఠాలకు పుస్తకం తప్ప చేతిలో మరేమీ లేదని, పిల్లలకు చూపించదగినవి ఎక్కడ దొరుకుతాయో చెప్పమని అడిగావు. ముప్పయ్యేళ్లు ఈ పాఠాలే చెప్పాను. నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఊళ్లో వెతుకు. బయటివాటి సంగతి తర్వాత.

ఒకసారి రుణాల పాఠం చెబుతూ బోర్డు మీద రెండు మాటలు రాశాను. బ్యాంకు అప్పు 12 శాతం వడ్డీ, ఊళ్లో అప్పు రెండు రూపాయల వడ్డీ. ఏది చవక అని అడిగితే ఊళ్లో అప్పే అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. పన్నెండు కంటే రెండు చిన్నదే కదా! నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పుస్తకం శాతాల్లో మాట్లాడుతుంది, ఇల్లు రూపాయల్లో మాట్లాడుతుంది. ఆ రెండింటినీ కలపాల్సినది మనమే.

మరునాడు స్టేషనరీ దుకాణంలో ఒక ప్రామిసరీ నోటు ఫారం, రూపాయి రెవెన్యూ స్టాంపు కొని తీసుకెళ్లాను. ఒక ఊహాపేరుతో పది వేల అప్పు పిల్లల చేతే రాయించాను. నోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఆలోగా అప్పిచ్చినవాళ్లు వెనకవైపు ఎంతో కొంత చెల్లు, అంటే కొంత కట్టినట్టు రాత, వేయించుకోవాలి, లేదా అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకోవాలి. రెండు రూపాయల చొప్పున మూడేళ్లకు వడ్డీ 7,200. నోటు తిరగరాస్తే అసలు 17,200 అవుతుంది. మరో మూడేళ్లకు దాని మీద వడ్డీ 12,384. ఆరేళ్లు తిరిగేసరికి పది వేలు కాస్తా 29,584 అయింది. చక్రవడ్డీ సూత్రం అప్పటికి నేను బోర్డు మీద రాయనే లేదు. వెనక బెంచీలో ఒక కుర్రాడు ఆ కాగితాన్ని వేలితో తడుముతూ చాలాసేపు అలాగే చూశాడు. వాళ్ల ఇంట్లో అలాంటిది ఉందేమో. నేను అడగలేదు, నువ్వూ ఎప్పుడూ అడగవద్దు. ఇంటి అప్పులు నలుగురిలో చెప్పించడమంత క్రూరమైన పని మరొకటి లేదు. పిల్లలు తమంతట తాము కాగితాలు తెస్తే పేరు, ఖాతా నంబరు, ఆధార్ నంబరు కనపడకుండా నువ్వే కాగితం అతికించి, ఆ తర్వాతే క్లాసులో చూపించు.

మీ ఊరి పిల్లలు వరి పొలాల నుంచీ రొయ్యల చెరువుల నుంచీ వస్తారు. ధాన్యం లెక్క మన దగ్గర పుట్టిలో ఉంటుంది, పుట్టికి 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాలుకు ప్రకటిస్తుంది. 2025–26కు సాధారణ రకానికి 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. పుట్టికి ఎంతవుతుందో పిల్లల చేత కట్టించు. సాధారణ రకానికి 20,136 రూపాయల 50 పైసలు వస్తుంది. కళ్లంలో పుట్టి ఏ రేటుకు పోయిందో వాళ్లే చెబుతారు. రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందని అడిగితే తేమ, తరుగు, రవాణా, చేతిలో డబ్బు లేక తొందరపడి అమ్మడం, అన్నీ వాళ్ల నోటి నుంచే వస్తాయి. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన అప్పుడు చెప్పు, బుర్రకెక్కుతుంది.

రొయ్యలకు కౌంటు చాలు. కిలోకు వంద తూగేది వంద కౌంటు, ముప్పై తూగేది ముప్పై కౌంటు. సంఖ్య తగ్గేకొద్దీ ధర పెరగడం ఆక్వా ఇళ్ల పిల్లలకు పుట్టుకతో తెలుసు. ఇంకొన్నాళ్లు మేత వేసి పెంచడమా, ఇప్పుడే పట్టేయడమా అన్న ప్రశ్న ఇవ్వు. ఖర్చు, రాబడి, నష్టభయం మూడూ అందులోనే ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ బెంగ ముందు చేరింది ఈ చెరువు గట్లకే. విదేశీ వాణిజ్యానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నీకు ఏ పుస్తకంలోనూ దొరకదు. రోజువారీ ధరలకు పత్రికల జిల్లా పేజీలు కత్తిరించి తేదీ వేసి దాచు. అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మార్కెట్ల ధరలు, ఎంత సరుకు వచ్చిందన్న లెక్కలు ఉంటాయి.

పొదుపు పాఠానికి డ్వాక్రా సంఘం లీడరును ఒక గంట బడికి పిలు. తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం ఎలా రాస్తారో ఆమె చూపిస్తే చాలు. మన జిల్లాకు ఇందులో పెద్ద చరిత్రే ఉంది. దూబగుంట అనే ఊరి ఆడవాళ్లను కదిలించింది అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఒక పాఠమే. అక్కడ మొదలైన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే రోజుకు రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు జిల్లా అంతటా పుట్టాయి. ఒక వాచకంలోని పాఠం ఇంతపని చేసిన జిల్లాలో టీచరువి నువ్వు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక బయటివి. రిజర్వు బ్యాంకు ప్రజల కోసం వేసిన చిన్న పుస్తకాలు, బొమ్మల కథలు దాని వెబ్‌సైటులో ఉచితం, తెలుగులో కూడా ఉన్నాయి. ఆన్‌లైన్ మోసాల మీద 2022లో వేసిన పుస్తకం తప్పకుండా తీసుకో. దాంతోపాటు 1930 నంబరు పిల్లల నోట్సులో రాయించు. డబ్బు పోయిన వెంటనే ఫోను చేయాల్సినది దానికే. రిజర్వు బ్యాంకు, షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ, బీమా, పింఛను నియంత్రణ సంస్థలు కలిసి నెలకొల్పిన జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం ఆరు నుంచి పది తరగతులకు అభ్యాస పుస్తకాలు తయారుచేసింది. టీచర్లకు శిక్షణ, పిల్లలకు పరీక్ష కూడా నిర్వహిస్తుంది. జిల్లాలోని బ్యాంకులన్నిటి పనినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరుకు హెడ్మాస్టరు సంతకంతో ఒక ఉత్తరం రాయించు. ఆర్థిక అక్షరాస్యత కౌన్సిలరును బడికి పంపమని అడుగు. అడిగే బడులు తక్కువ కాబట్టి అడిగినవాళ్లకు పని జరుగుతుంది.

ఉచితంగా వచ్చే ప్రతిదీ తీసుకోవద్దు. బీమా కంపెనీలు, షేర్ల యాప్‌లు అందమైన చార్టులు ఇస్తాయి. చివరి పేజీ ముందు చదువు. అక్కడ ఖాతా తెరవమని గానీ పాలసీ తీసుకోమని గానీ ఉంటే అది ప్రకటన, దాన్ని పాఠంగా గోడకు తగిలించకూడదు. సరే, అలాంటి ఒక ప్రకటనను ప్రకటనగానే చూపించి, ఇందులో ఏం చెప్పలేదో వెతకండి అంటే మాత్రం మంచి పాఠమవుతుంది.

మరొక్కటి, ప్రతి కాగితం మీద తేదీ చూడు. బ్యాంకు మునిగితే డిపాజిటుదారుకు బీమా లక్ష రూపాయలు అన్న చార్టు ఒక కాలేజీ గోడ మీద చాలాకాలం వేలాడటం చూశాను. 2020 ఫిబ్రవరి 4 నుంచి అది ఐదు లక్షలు. ఆ చార్టు చదివి ఇంట్లో చెప్పిన పిల్లల మాట నమ్మి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో! జీఎస్టీ శ్లాబులు కూడా 2025 సెప్టెంబరు 22న మారాయి కదా. పాత కిరాణా బిల్లునూ కొత్త బిల్లునూ పక్కపక్కన పెట్టి చూపించు, పాతదాన్ని పారేయవద్దు.

నా బీరువాలో పాత మద్దతు ధరల కత్తిరింపులు, వేలం చీటీలు, ఖాళీ చలానాలు ఒక పెట్టెనిండా ఉన్నాయి. ఆదివారం వస్తే తీసుకెళ్లవచ్చు. ప్రామిసరీ నోటు ఫారాలు పది వేరే కవరులో పెట్టి ఉంచాను. రెవెన్యూ స్టాంపులు అయిపోయాయి, పోస్టాఫీసులో కొనుక్కో.

నీ మాస్టారు