వైద్యనాథుని సన్నిధికి

ప్రశ్న: చర్మవ్యాధికి చికిత్స పొందుతున్న మా అమ్మగారిని మంగళవారం నాడు వైదీశ్వరన్ కోయిల్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. అక్కడి విశేషాలు తెలుపగలరు.

జవాబు: తమిళనాడులో శీర్కాళికి సమీపాన ఉన్న ఈ ఆలయంలో శివుడు వైద్యనాథస్వామిగా, అమ్మవారు తైయల్‌నాయకిగా కొలువై ఉన్నారు, 7వ శతాబ్దంలోనే శైవ భక్తకవులు సంబందర్, అప్పర్ ఈ స్వామిని తమ తేవారంలో (తమిళ శివస్తుతి గీతాలలో) కీర్తించారు. భక్తులు సిద్ధామృత తీర్థమనే ఆలయ కోనేటిలో బెల్లం కలిపి, ఉప్పు, మిరియాలు సమర్పించి, హోమభస్మంతోనూ మట్టితోనూ చేసిన చిన్న ఉండలను ప్రసాదంగా స్వీకరిస్తారు. వాటిని భక్తితో పుచ్చుకోవచ్చు గాని, వైద్యుడిచ్చిన మందులు మాత్రం ఒక్కపూట కూడా మానవద్దు. ఇది అంగారక (కుజ గ్రహ) క్షేత్రం కూడా కావడంతో మంగళవారాలు రద్దీ విపరీతం. పెద్దావిడ క్యూలో నిలబడలేరు కనుక మరో రోజు ఉదయాన్నే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. మధ్యాహ్నం గుడి మూసివేస్తారు.